అల్లుడికి: సైలెన్సర్ మార్చే ముందు

గాజువాక,
విశాఖపట్నం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో మూడుసార్లు విన్నాను. ఎవరిదో నీ బండిలాంటి ఇసుజు వీ-క్రాస్ పికప్, నిలబెట్టి రేజ్ చేస్తుంటే వెనక నుంచి గుమ్ముగా సౌండ్ వస్తోంది. నీకు అది బాగా నచ్చేసిందని నీ మాటల్లోనే తెలిసింది. నీ బండికీ మూడంగుళాల సైలెన్సర్ పైపు వేయించనా అని అడిగావు. ముప్ఫై ఏళ్లకు పైగా ఆటోనగర్‌లో సైలెన్సర్లు కోసి అతికిన చేతులు నావి. అందుకే ఫోన్‌లో చెప్పకుండా కూర్చుని రాస్తున్నాను.

పవర్ పెరుగుతుందనే ఆశ ఉంటే అది ముందే తగ్గించుకో. నీది బీఎస్-6 బండి, 1.9 లీటర్ల ఇంజిన్, 163 పీఎస్ పవర్, 360 ఎన్ఎం టార్క్. దాని పొగ టర్బో దాటి, ఆ తర్వాత డీపీఎఫ్‌లో, అంటే డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, తేనెపట్టులాంటి సన్నని గదుల గుండా దూరి రావాలి. బిగువంతా అక్కడే. రెండున్నర అంగుళాల పైపు తీసి మూడంగుళాలది వేస్తే లోపలి వైశాల్యం 44 శాతం పెరుగుతుంది, లెక్క నిజమే. కానీ తూము సగమే తెరిచి కింద కాలువ వెడల్పు చేస్తే చేలోకి ఎన్ని నీళ్లు ఎక్కువ వస్తాయి?

ఇది తెలిసిన కొందరు "అయితే డీపీఎఫ్ పీకేద్దాం అన్నా, సెన్సార్లు మేం చూసుకుంటాం" అంటారు. ఆ మాట అన్న షాపు నుంచి బండి వెంటనే బయటికి తీసెయ్. డీపీఎఫ్ మసిని పట్టి ఉంచి, సుమారు ఆరొందల డిగ్రీల వేడిలో కాల్చేస్తుంది. అది లేకపోతే ఆ మసి మన పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పోర్టు బొగ్గు దుమ్ము బాల్కనీలో తుడుచుకునే ఊరు మనది, ఇంకా కలపొద్దు. మార్చాలనుకుంటే డీపీఎఫ్ దాటాక వెనక ఉన్న పైపు, సైలెన్సర్ మార్చు. ముందు భాగం జోలికి పోకు.

ఇక అసలు సంగతి, లోహం. హైదరాబాద్ కుర్రాడికి ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు. నువ్వు రోజూ బీచ్ రోడ్డు మీద తిరుగుతావు, ఆదివారం భీమిలి పోతావు. ఉప్పుగాలి బండి కింద చేరి పని మొదలుపెడుతుంది. మామూలు ఇనప పైపు చవగ్గా వస్తుంది, దాని గురించి ఆలోచించకు. 409 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీల్‌లో తుప్పుని ఆపే క్రోమియం 11 శాతం దాకా ఉంటుంది. పైన గోధుమరంగు పట్టినా తొందరగా చిల్లు పడదు. 304 గ్రేడులో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం. మన ఊరికి అది మేలు.

అయస్కాంతం పెట్టి చూడమని అందరూ చెబుతారు. 409కి అంటుకుంటుంది, 304కి సాధారణంగా అంటుకోదు. కానీ మెట్ల రెయిలింగులకు వాడే చవక గ్రేడు 202కి కూడా అంటుకోదు! నేను మోసపోయింది అక్కడే. ఒక సరుకు వ్యాపారి 304 అంటే నమ్మి, ఫిషింగ్ హార్బర్‌లో చేపలు మోసే మూడు బండ్లకు ఆ పైపులు వేశాను. రెండు వానాకాలాలు తిరిగాక ఒకాయన బండి తెచ్చి ర్యాంపు ఎక్కించాడు. కింద నుంచి చూస్తే పైపు ఇంకా తళతళలాడుతోంది. వెల్డింగ్ పక్కన మాత్రం టీ మరకలాంటి గీత. స్క్రూడ్రైవర్ కొనతో కొంచెం నొక్కాను, వేడి ఇడ్లీలోకి దిగినట్టు దిగిపోయింది. మూడు బండ్లకూ నా డబ్బుతోనే మళ్లీ వేశాను. అందుకే గ్రేడు బిల్లు మీద రాయించుకో. పాత సామాను కొట్ల వాళ్లు ఒక చుక్క మందు వేసి చిన్న బ్యాటరీ తగిలించి చూస్తారు, 202 అయితే ఎర్రబడుతుంది. ఆ పరీక్ష చేయించడానికి మొహమాటపడకు.

అతుక్కి గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాస్‌తో చేసే వెల్డింగే చేయించు, పైపు లోపల కూడా ఆర్గాన్ నింపి. లేకపోతే అతుకు లోపలివైపు నల్లగా మాడి, తుప్పు అక్కడే మొదలవుతుంది. వంపులు నొక్కుకుపోకుండా ఉండాలి. వంపు దగ్గర పైపు చపాతీలా అణిగితే నువ్వు డబ్బు పెట్టిన మూడంగుళాలు అక్కడ రెండంగుళాలే.

ఇంకొకటి. నువ్వు తిరిగేది ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురానికి, సిరిపురం నుంచి ఇంటికి. ఇంత చిన్న తిరుగుళ్లలో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు, లోపల నీరు నిలిచి లోపలి నుంచే తినేస్తుంది. సైలెన్సర్ అడుగున సూదంత రంధ్రం ఉంటే అది నీరు కారిపోవడానికే, లీకని పూడ్పించకు. వారానికోసారి హైవే మీద అరగంట నడుపు, డీపీఎఫ్‌కీ మంచిది.

పైపు ఏ దారిన పోతుందో దగ్గరుండి చూడు. ర్యాంపు మీద బండి ఖాళీగా వేలాడుతుంది, అన్నీ దూరదూరంగా కనిపిస్తాయి. సామాను, మనుషులు ఎక్కితే వెనక కమాన్ కట్టలు అణిగి యాక్సిల్ (చక్రాల ఇరుసు) పైకొస్తుంది. నా కుర్రతనంలో ఒక బండికి పైపు యాక్సిల్ పైనుంచి బొటనవేలు మందం సందుతో పోనిచ్చాను. అనంతగిరి ఘాట్‌లో గుంతలో పడ్డ ప్రతిసారీ తగిలి, చివరికి పైపుని వేలాడదీసే హ్యాంగర్ తెగి, పైపు బ్రేకు గొట్టం పక్కన ఒరిగింది. డ్రైవర్‌కి వాసన తెలిసి ఆపాడు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంధన గొట్టానికి 35 మిల్లీమీటర్ల లోపు పైపు ఉండకూడదని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. నువ్వు అంతకు రెట్టింపు అడుగు. స్టెప్నీ టైరుకూ ఎడం చూడు. పొగ కిందికీ ఎడమవైపుకీ పోకూడదని కూడా అందులోనే ఉంది. బాడీ వెనక అంచు దాటించి బయటికి తీయించు. మధ్యలో ఆపితే పొగ కిటికీల్లోంచి క్యాబిన్‌లోకి వస్తుంది, వెనక సీట్లో కూర్చునేది మా అక్క.

సౌండ్ సంగతి. నిలబెట్టి రేజ్ చేస్తే ఏదైనా బాగానే ఉంటుంది. అలాంటి సెటప్ ఉన్న బండి ఒకటి చూసుకుని, అద్దాలు ఎక్కించి, ఆనందపురం వైపు ఎనభైలో ఇరవై నిమిషాలు నడిపి చూడు. రెండు వేల ఆర్‌పీఎం దగ్గర చెవిలో తుమ్మెద దూరినట్టు రొద పెడితే విజయవాడ వెళ్లొచ్చేసరికి తల పగిలిపోతుంది. రెసొనేటర్ (రొదని తగ్గించే అదనపు డబ్బా) ఉన్నది తీసుకుంటే ఆ రొద చాలా తగ్గుతుంది.

చట్టం గురించి టూకీగా. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద మొదటిసారే పది వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్స్ మూడు నెలలు పోవడం కూడా ఉంది. కంపెనీ బిగించిన సైలెన్సర్ పారేయకు, నూనె పూసి దాచు. వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌ని ముందే అడుగు.

ఆదివారం పొద్దున్నే బండి నా దగ్గరికి తీసుకురా. పైపు పూర్తిగా చల్లారాక చేత్తో తడిమి చూడాలి. అప్పుడు మార్చాలో వద్దో ఇద్దరం కింద పడుకుని చూద్దాం. అమ్మని కూడా తీసుకురా, అత్తయ్య చేపల పులుసు పెడతానంటోంది.

ఇట్లు,
మావయ్య