ఆ ఎస్సై మీసాలు తీసెయ్, తమ్ముడూ

తమ్ముడూ,

కథ చదివాను. బోడుప్పల్‌లో ఒక ఇంట్లో ఆదివారం ప్రార్థన జరుగుతుంటే ఎస్సై వచ్చి ఆపించడం, పాస్టర్‌ని జీపెక్కించడం, అంతా ఒక్క ఊపున చదివించావు, ఆ మాట ముందే చెప్తున్నా. కానీ ఎస్సై చేత మీసాలు మెలి తిప్పించి, పాస్టర్ మొహంలో వెలుగు పెట్టేసరికి నాకు నమ్మకం పోయింది. ఎవర్ని తిట్టుకోవాలో రెండో పేరాలోనే తెలిసిపోయాక ఇంక చదవడానికేముంది?

అసలు ఆ ఎస్సైని ఎవరు పంపారు? పక్కింటాయన ఫోన్ చేశాడా, పైనుంచి ఆర్డరొచ్చిందా, చేతిలో కాగితం ఉందా, ఉంటే దాని మీద ఏం రాసుంది? నీ కథలో ఇదేం లేదు. మతం జోలికొచ్చే ప్రభుత్వం ముందు కాగితంతోనే వస్తుంది, లాఠీ తర్వాత సంగతి, చాలాసార్లు లాఠీ అక్కర్లేకుండానే పని అయిపోతుంది.

పాకిస్తాన్ సంగతి చూడు. 1974లో రాజ్యాంగం సవరించి అహ్మదీలు ముస్లింలు కారని తేల్చేశారు. 1984లో సైనిక పాలకుడు జియా ఉల్ హక్ ఆర్డినెన్స్ తెచ్చాడు, వాళ్లు తమ ప్రార్థనా స్థలాన్ని మసీదు అన్నా, అజాన్ ఇచ్చినా మూడేళ్ల దాకా జైలు. కానీ నాకు కథ కనిపించేది పాస్‌పోర్ట్ ఫారంలో. అక్కడ ముస్లింనని రాసుకోవాలంటే, అహ్మదీయ శాఖ స్థాపకుడు మోసగాడని ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. గల్ఫ్‌లో ఉద్యోగం రెడీగా ఉన్న కుర్రాడు ఆ పెన్ను పట్టుకుని నిలబడ్డాడనుకో, వెనకాల క్యూ, కౌంటర్లో గుమస్తా లంచ్‌కి లేవబోతున్నాడు. ఆ గుమస్తాది క్రూరత్వమేం కాదు, ఆకలి.

మన దేశంలో కాగితాలకేం కొదవ? ఉత్తరప్రదేశ్ 2021 చట్టం తీసి చదువు. మతం మారాలనుకున్న మనిషి 60 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేట్‌కి చెప్పుకోవాలి, మారాక మళ్లీ ఇంకో డిక్లరేషన్, అందులో తండ్రి పేరు, అడ్రసు, పాత మతం, కొత్త మతం, ఆ కాపీని ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటిస్తారు. బలవంతపు మార్పిడి ఆపడానికే అంటారు, సరే, వాళ్ల వాదన కూడా నీ కథలో గట్టిగా వినపడాలి. కానీ ఆ బోర్డు ముందు ఎవరెవరు ఆగి అడ్రసు ఫోన్లో ఫొటో తీసుకుంటారో ఊహించుకో. సెక్షన్లు చదవడం బోరు, నాకూ తెలుసు. అయినా చదవాలి.

ఇంకో మాట, నీకు ముచ్చటేసే భక్తుల గురించి మాత్రమే రాయకు. తలుపు తట్టి పత్రికలు చేతిలో పెట్టే యెహోవా సాక్షులను చూసి మనం విసుక్కుంటాం కదా, తోటి క్రైస్తవుల్లోనే చాలామంది వాళ్లని కలుపుకోరు. తుపాకీ ముట్టుకోబోమని పట్టుబట్టే ఆ మనుషుల్ని 2017లో రష్యా సుప్రీంకోర్టు తీవ్రవాదులని నిషేధించింది. 1985లో కేరళలో అదే శాఖకి చెందిన ముగ్గురు పిల్లల్ని జాతీయగీతం పాడలేదని బడి నుంచి తీసేశారు. పాడలేదు కానీ, లేచి మర్యాదగానే నిలబడేవాళ్లు. ఒక ఎమ్మెల్యేగారికి దేశభక్తి పొంగి అసెంబ్లీలో ప్రశ్న వేశాడు, విచారణ కమిషన్ పిల్లల తప్పేం లేదంది, అయినా పైవాళ్ల ఆదేశమని హెడ్‌మిస్ట్రెస్ తీసేసింది, తండ్రి వచ్చి అడిగితే నా చేతుల్లో లేదంది. మన హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకి వెళ్లిన జస్టిస్ చిన్నపరెడ్డిగారు 1986లో ఆ పిల్లల పక్షాన తీర్పిచ్చారు. ఆ తీర్పులో సహనం గురించిన చివరి వాక్యాన్ని అందరూ కోట్ చేస్తారు. నువ్వు మాత్రం ఆ హెడ్‌మిస్ట్రెస్ దగ్గర ఆగు. నీ ఎస్సై మీసాలు తీసేస్తే ఆమెలాగే ఉంటాడు.

మన హైదరాబాద్‌లో ఏం జరిగిందో కూడా చూడు. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడారని విద్యార్థుల్ని వెళ్లగొట్టారు, పి.వి. నరసింహారావు సహా చాలామంది నాగపూర్ వెళ్లి చదువుకున్నారు. పాడితే ఒకచోట, పాడకపోతే ఇంకోచోట! ఆ రోజుల్లోనే మతస్వేచ్ఛ కావాలని ఆర్యసమాజ్ వాళ్లు సత్యాగ్రహం చేసి నిజాం జైళ్లు నింపారు. పాత ప్రభుత్వ రికార్డులుండే తార్నాక ఆర్కైవ్స్‌కి వెళ్లు. ఉర్దూ ఫైళ్లుంటాయి, పాతబస్తీలో చదివిపెట్టే పెద్దాయన ఎవరైనా దొరక్కపోడు. అయితే జైలనగానే మతానికి ముడిపెట్టకు. రామదాసు గోల్కొండ చెరలో పడింది ఖజానా డబ్బు గుడికి వాడినందుకు, అప్పుడు తానీషా మంత్రులు అక్కన్న, మాదన్న, ఆయనకి మేనమామలే అంటారు. ఇలాంటి చిక్కుముడి దొరికితే వదలకు.

అన్నట్టు, కథలో వీధి పేరు, వాటర్ ట్యాంకు, మెడికల్ షాపు అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. నిజంగా జరిగిందైతే మార్చెయ్, వెంటనే. కథ అచ్చయ్యాక నువ్వు లైకులు లెక్కపెట్టుకుంటావు, ఆ ప్రార్థన జరిగిన ఇంటివాళ్లు ఆ వీధిలోనే కాపురం ఉండాలి. వాళ్లని అడిగే రాశావా? అడక్కపోతే ఈ ఆదివారమే వెళ్లి అడుగు, వద్దంటే ఆ కథ పక్కన పెట్టెయ్.

సరేనంటే నెలాఖరుకి తిరగరాసి పంపు. పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైలే పంపు, ఈ కళ్లకి అక్షరాలు పెద్దవి చేసుకోవాలి.