నర్సింగ్ చదివిన బిడ్డను అమెరికా పంపిస్తమంటే ఎకరం కుదువ పెట్టాలా?

ప్రశ్న: సార్ నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. పెద్దబిడ్డ కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కింద 2024ల బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసింది, హన్మకొండల ఒక ప్రైవేట్ హాస్పిటల్‌ల ఏడాది నుంచి చేస్తున్నది, జీతం పదిహేను వేలు కూడ లేదు. ఒక కన్సల్టెన్సీ ఆయన ఎన్‌క్లెక్స్ పాస్ చేయించి రెండేండ్లల్ల అమెరికా పంపిస్తం, నర్సులకు షెడ్యూల్ ఏ అని స్పెషల్ కోటా ఉన్నది అంటున్నడు. మొత్తం తొమ్మిది లక్షలు, ముందు మూడు లక్షలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు గూడ ఇయ్యమన్నడు. యాభై వేలు ఫోన్‌పే చేసినం. మిగిలినదానికి ఎకరం కుదువ పెడ్దామనుకుంటున్న. పెట్టాలా వద్దా? వేరే దేశం ఏమన్న చూడాలా?

జవాబు: అన్నా నమస్తే. భూమి కుదువ పెట్టొద్దు, ఒరిజినల్స్ అసలే ఇయ్యొద్దు. ఎందుకో చెప్త, కొంచెం పొడుగైతది, బిడ్డను గూడ పక్కన కూసోబెట్టుకొని చదువుండ్రి, సగం మాటలు ఆమెకే ఎక్కువ పనికొస్తయి.

ఆయన మీకు రెండు వేరే వేరే సంగతులను ఒకటే చేసి చెప్పిండు. లైసెన్స్ వేరు, వీసా వేరు. ఎన్‌క్లెక్స్ అనేది లైసెన్స్ పరీక్ష. కంప్యూటర్ మీద రాస్తరు, తక్కువల తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువల ఎక్కువ 150, ఐదు గంటల టైమ్. దానికి అమెరికా పోవాల్సిన పని లేదు, హైదరాబాద్‌లనే సెంటర్ ఉన్నది. పరీక్ష ఫీజు 200 డాలర్లు, బయటి దేశంల రాస్తే ఇంకో 150 డాలర్లు. దానికి ముందు అక్కడి ఏదో ఒక స్టేట్ బోర్డుకు అప్లై చేసి, మన చదువు వాళ్ల చదువుకు సమానమేనని సర్టిఫికెట్ల వెరిఫికేషన్ చేయించుకోవాలె, దానికి ఇంకొంత ఖర్చు. ఇవన్ని కలిపినా తొమ్మిది లక్షలకు దరిదాపుల్లకు గూడ రాదు, పైగా ఇదంతా బిడ్డ సొంతంగ ఆన్‌లైన్‌ల చేసుకునే పనే. పాసైతే లైసెన్స్‌కు అర్హత వస్తది. అమెరికాల ఒక్క రోజు డ్యూటీ చేసే హక్కు మాత్రం దానితోని రాదు.

ఆ హక్కు వీసాతోని వస్తది, అసలు తిప్పలంతా అక్కడనే ఉన్నది. నర్సులు మామూలుగ పోయేది ఈబీ-3 అనే గ్రీన్‌కార్డ్ కేటగిరీల. అక్కడి హాస్పిటల్ మన తరఫున పిటిషన్ వేయాలె, వేసిన తారీఖే మన ప్రయారిటీ డేట్, అంటే లైన్‌ల మన నంబర్ అయితది. షెడ్యూల్ ఏ అంటే ఏంటిదో గూడ చెప్త, ఆ పేరు చెప్పే మస్తు మందిని ఆగం చేస్తున్రు. మామూలుగ ఒక కంపెనీ బయటి దేశపోళ్లను తీసుకోవాలంటే ఆ పనికి మా దగ్గర మనుషులు దొరుకుతలేరు అని వాళ్ల లేబర్ డిపార్ట్‌మెంట్‌కు చూపియ్యాలె. నర్సుల కొరత ఉన్నదని ముందే ఒప్పుకున్నరు కాబట్టి నర్సులకు ఆ ఒక్క మెట్టు మాఫీ. షెడ్యూల్ ఏ అంటే గంతే. దాంట్ల వేరే కోటా లేదు, వేరే లైను లేదు, తర్వాత అందరితోని పాటు అదే లైన్‌ల నిలబడాలె.

ఆ లైను ఎంత పొడుగు ఉన్నదో బిడ్డనే చూడమనుండ్రి. అమెరికా స్టేట్ డిపార్ట్‌మెంట్ నెలనెలా వీసా బులెటిన్ అని పెడ్తది, ఫ్రీగ ఎవరైనా చూడొచ్చు. దాంట్ల ఎంప్లాయ్‌మెంట్ టేబుల్‌ల మూడో కేటగిరీ వరుస పట్టుకొని ఇండియా అని రాసిన కాలమ్ కాడికి వస్తే ఒక తారీఖు కనపడ్తది. 2025ల వచ్చిన ఎక్కువ బులెటిన్లల్ల అక్కడ ఉన్న తారీఖు 2013ది. అంటే పన్నెండేండ్ల కింద పిటిషన్ పడ్డోళ్లకు ఇప్పుడు నంబర్ వస్తున్నది. అదే వరుసల ఫిలిప్పీన్స్ కాలమ్ చూస్తే 2023 ఉంటది. అక్కడి నర్సు రెండు మూడేండ్లల్ల పోతది, మన నర్సు అదే పరీక్ష పాసై గూడ ఆగుతది. ఎందుకంటే ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి దాదాపు 1 లక్షా 40 వేలు, ఒక్క దేశానికి మామూలుగ 7 శాతం మించి ఇయ్యరు, మన దేశం వాటా కోసం సాఫ్ట్‌వేర్ పిల్లలు లక్షల మంది ఎప్పటినుంచో నిలబడి ఉన్నరు. నర్సుకని వేరే కౌంటర్ లేదు కాబట్టి మీ బిడ్డ ఆ సాఫ్ట్‌వేరోళ్ల వెనక నిలబడాలె. ఇయ్యాల పిటిషన్ పడితే ఎప్పుడు తెగుతదో ఎవ్వలు చెప్పలేరు, రెండేండ్లు అన్నోడు మాత్రం అబద్ధం చెప్పిండు. హెచ్1బీల పంపిస్తమని మాట మారిస్తే గూడ నమ్మొద్దు, అమెరికాల రెండేండ్ల కోర్సుతోని గూడ ఆర్‌ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు అయితరు కాబట్టి డిగ్రీ తప్పనిసరి అనే హెచ్1బీ షరతుకు మామూలు వార్డు నర్సు పోస్టు సరిపోదు.

ఒక్క మాట అడుగుత, బిడ్డ ఎక్కడ పుట్టింది? మన దిక్కు దుబాయ్, మస్కట్ పోయి సంసారం పెట్టినోళ్లు ఉన్నరు కదా, అక్కడ పుట్టిన పిల్లలు గూడ ఉన్నరు. ఈ లైన్‌ల చూసేది పాస్‌పోర్ట్ ఏ దేశంది అని కాదు, పుట్టిన దేశం. దుబాయ్‌ల పుట్టి ఉంటే ఇండియా లైన్‌ల కాకుండ మిగతా దేశాల లైన్‌ల పడ్తది, అది చాలా చిన్నది. అట్లయితే నా సలహా మొత్తం మారుతది, తప్పకుండ చెప్పుండ్రి. ఇక్కడనే పుట్టి ఉంటే మాత్రం ఇప్పుడు చెప్పిన లెక్కే.

అట్లని ఎన్‌క్లెక్స్ వద్దని అంటలేను. ఆస్ట్రేలియా, కెనడా గూడ అదే పరీక్షను అడుగుతయి, కాబట్టి చదివింది ఎటూ పోదు. అమెరికా పిటిషన్ గూడ మంచి హాస్పిటల్ సొంత ఖర్చుతోని వేస్తానంటే వేయించి పెట్టుకోవచ్చు, లైన్‌ల ఒక తారీఖు ఉంటది. దాని మీద అప్పు తెచ్చి కూసోవద్దు అంటున్న.

ఇగ వేరే దేశాలు. నన్నడిగితే మీ బిడ్డకు ముందు జర్మనీ, తర్వాత యూకే లేకుంటే ఐర్లాండ్. యూకేల నర్సింగ్ కౌన్సిల్ పేరు ఎన్ఎంసీ. ముందు ఇంగ్లిష్, ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌ల రైటింగ్‌కు 6.5, మిగతా మూడింట్ల 7 రావాలె, లేకుంటే ఓఈటీ అనే ఇంకో ఇంగ్లిష్ పరీక్షల బీ గ్రేడ్, రైటింగ్‌కు సీ ప్లస్. తర్వాత ఇక్కడనే సీబీటీ అని కంప్యూటర్ పరీక్ష 83 పౌండ్లు, అక్కడికి పోయినంక ఓస్కీ అని ప్రాక్టికల్ 794 పౌండ్లు, చాలా హాస్పిటళ్లు ఆ ఓస్కీ ఫీజు వాళ్లే కడ్తరు. మన పిల్లలు ఎక్కువ ఆగిపోయేది నర్సింగ్ సబ్జెక్ట్‌ల కాదు, ఇంగ్లిష్‌ల. డ్యూటీ చేసి వచ్చి రాత్రి గంట గంటన్నర రాయడం అలవాటు చేసుకుంటే అయితది. కాకపోతే యూకేల ఇప్పుడు పిలుపులు తగ్గినయి, 2025 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా బయటి దేశాల నుంచి కొత్తగ రిజిస్టర్ అయినోళ్లు అంతకు ముందటేడు అదే నెలలతోని చూస్తే దాదాపు సగానికి పడిపోయిన్రు. దారి బందు కాలేదు గని ఆలస్యం అయితది. అక్కడ పరీక్షలు పాసై రిజిస్టర్ అయి 1800 గంటలు పని చేస్తే ఆస్ట్రేలియాకు పోవుడు గూడ 2025 నుంచి సులువు చేసిన్రు, అది మనసుల పెట్టుకోమనుండ్రి.

యూకే పేరు మీద కేర్ వర్కర్ వీసా అని ఎవలన్న వస్తే ఆడనే ఆపుండ్రి. అది నర్సు కొలువు కాదు, ముసలోళ్లను చూసుకునే పని. బయటి నుంచి కొత్తగ ఆ వీసాల మీద మనుషులను తీసుకునుడు 2025 జులై 22 నుంచి బందయింది. మన దిక్కు బీఎస్సీ నర్సింగ్ చేసిన పిల్లలు గూడ లక్షలు కట్టి ఆ వీసాకు కావాల్సిన సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ అనే కాయితం కొనుక్కొని పోయిన్రు, పోయినంక పని లేక రూముల్ల కూసున్నోళ్లు ఉన్నరు. నాలుగేండ్లు వార్డుల్ల కష్టపడి చదివిన పిల్లలను అట్ల చేసిన్రంటే నాకు చాలా కోపం వస్తది అన్నా. ఆ కాయితం అమ్ముకునేది కాదు, కొలువిచ్చేటోళ్లు ఫ్రీగ ఇచ్చేది.

జర్మనీ సంగతి వేరు. అక్కడ పిలుపు గట్టిగ ఉన్నది, ఐఈఎల్‌టీఎస్ అక్కర లేదు గని జర్మన్ భాష బీ2 అనే లెవల్ దాకా రావాలె, పూర్తి టైమ్ కూసొని చదివితే దగ్గర దగ్గర ఏడాది. మన డిగ్రీని వాళ్లు చూసి ఏమేం తక్కువ ఉన్నయో ఒక లెటర్ ఇస్తరు, ఆ తక్కువలకు అక్కడ ట్రైనింగ్ గాని పరీక్ష గాని చేస్తే పూర్తి నర్సు అయితరు, అప్పటిదాకా హెల్పర్ జీతం. ఇక్కడ గూడ ఒక మోసం నడుస్తున్నది, ఆస్‌బిల్డుంగ్ అని చెప్పి బీఎస్సీ అయినోళ్లను మళ్ల మూడేండ్ల ట్రైనింగ్‌ల చేర్పిస్తున్రు. అది ఇంటర్ పిల్లలకు మంచిది, చేతిల నర్సింగ్ డిగ్రీ ఉన్న మీ బిడ్డకు మొదట్నుంచి మళ్ల చదవాల్సిన ఖర్మ లేదు. మన రాష్ట్ర ప్రభుత్వానికే టామ్‌కామ్ అని విదేశీ ఉద్యోగాల కంపెనీ ఉన్నది, హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐ క్యాంపస్‌ల, జర్మనీ నర్సుల బ్యాచులు వాళ్లు గూడ నడిపిన్రు. ముందు అక్కడ పేరు రాయించుండ్రి.

గల్ఫ్ గూడ అడుగుతరు, దగ్గర కదా అని. సౌదీ, కువైట్, ఖతార్, యూఏఈ లాంటి 18 దేశాలకు నర్సుగ పోవాలంటే పాస్‌పోర్ట్ ఈసీఎన్ఆర్, అంటే క్లియరెన్స్ అక్కర లేని రకం అయినా సరే ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ సైట్‌ల క్లియరెన్స్ తప్పనిసరి. కువైట్ కొలువుల పేరు మీద కేరళ నర్సుల దగ్గర ఇరవై లక్షల దాకా గుంజిన కేసులు బయటపడ్డ ఏడాదే, 2015ల, ఈ కట్టడి పెట్టి ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే తీసుకోవాలని చెప్పిన్రు. విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకుందమంటే ఆ రక్షణ మొత్తం పోతది. గల్ఫ్‌ల చాలా కాడ రెండేండ్ల అనుభవం అడుగుతరు, డేటాఫ్లో అని ఒక సంస్థ కాలేజీకి, కౌన్సిల్‌కు, హాస్పిటల్‌కు స్వయంగ రాసి నిజమా కాదా తెలుసుకుంటది.

అందుకే ఇప్పటినుంచే కాయితాలు సరిచేసుకోవాలె. పదో తరగతి మెమో, డిగ్రీ, తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, పాస్‌పోర్ట్ నాలుగు బల్ల మీద పక్కపక్కన పెట్టి పేరు ఒక్కొక్క అక్షరం చూడమనుండ్రి. లత అనే పేరుకు ఒక దాంట్ల హెచ్ ఉంటది, ఒక దాంట్ల ఉండదు, మెమోల ఇంటిపేరు పొట్టి అక్షరం ఉంటది, పాస్‌పోర్ట్‌ల పూర్తిగ ఉంటది. ఇక్కడ ఎవ్వలు పట్టించుకోరు, అక్కడ ఫైల్ నెలలు ఆగుతది. ఇంకోటి, ఇప్పుడు చేసే హాస్పిటల్‌ల జీతం చేతికి ఇస్తున్నరా బ్యాంకుల వేస్తున్నరా? చేతికి ఇస్తే రేపు ఆ అనుభవానికి సాక్ష్యం ఉండదు. అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్, ఏ వార్డుల ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఫుల్ టైమ్ చేసిందో రాసిన లెటర్ ఇయ్యకపోతే ఐసీయూ ఉన్న పెద్ద హాస్పిటల్‌కు మారడం నయం, మొదట్ల జీతం అంతే ఉన్నా సరే. భాష చదివే టైమ్‌లనే ఎయిమ్స్ నర్సు కొలువుల పరీక్ష నార్సెట్, మన రాష్ట్ర నర్సింగ్ ఆఫీసర్ నోటిఫికేషన్ పడితే అది గూడ రాయాలె, సర్కారు కొలువు వస్తే విదేశం మాట మళ్ల తీరుబడిగ ఆలోచించొచ్చు.

చివరికి మీ యాభై వేలు. ఈ-మైగ్రేట్ సైట్‌ల ఆ కన్సల్టెన్సీ పేరు కొట్టి చూడమనుండ్రి బిడ్డను. లేకపోతే విదేశీ కొలువుకు మనుషులను పంపే లైసెన్స్ వాళ్లకు లేనట్టే, 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం అది నేరం. ఉంటే గూడ ఏజెంట్ తీసుకునే సర్వీస్ చార్జ్ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోవద్దు. అది కోచింగ్ ఫీజు అని ఆయన అంటే ఏ కోచింగ్, ఎన్ని నెలలు, ఎంత ఫీజు అని రాసిన రసీదు అడుగుండ్రి. మీరు గట్టిగ అరవకుండ, డబ్బులు వాపస్ కావాలని వాట్సాప్‌ల రాసి పెట్టుండ్రి, ఫోన్‌ల మాట్లాడితే మాట మిగలదు. ఫోన్‌పే చేసిన స్క్రీన్‌షాట్, రెండేండ్లల్ల పంపుతమని ఆయన పెట్టిన మెసేజ్‌లు డిలీట్ చెయ్యొద్దు. వారం పది రోజులల్ల ఇయ్యకపోతే అవన్ని ప్రింట్ తీసి విదేశం కొలువుకు పోయేటోళ్ల సంగతి చూసే, హైదరాబాద్‌ల ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీస్‌ల ఒక కంప్లయింట్, మీ పోలీస్ స్టేషన్‌ల ఒకటి ఇయ్యుండ్రి. ఒరిజినల్స్ ఏమన్న ఇప్పటికే ఇచ్చి ఉంటే డబ్బుల కన్న ముందు అవి తెచ్చుకోండ్రి, పాస్‌పోర్ట్ అయితే ఆయన దగ్గర పెట్టుకునే హక్కే లేదు.