కట్టెల సంగతి రాయమ్మా

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

అమెరికాలో, కాలిఫోర్నియాలో ఉన్న బోడీ అనే ఊరి మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఆ పాత బంగారం, వెండి గనుల ఊరికి సియెరా కొండల అవతల దాకా కారేసుకుని వెళ్లావు, సంతోషం. కానీ మొదటి నాలుగు పేజీలూ తుపాకులు, సారా కొట్లు, శాపమే! అక్కడ ఏరుకెళ్లిన మేకు కీడు తెచ్చిందని భయపడి పోస్టులో వెనక్కి పంపేవాళ్లున్నారు, నిజమే. దానికి ఒక్క వాక్యం చాలు.

1859లో బంగారం జాడ పట్టిన బోడీ అనే ఆయన ఆ చలికాలమే మంచు తుఫానులో పోయాడు. 1880 నాటికి ఊళ్లో వేలమంది. వాళ్లు ఎలా బతికారో నువ్వు అడగలేదు. 8,000 అడుగులు దాటిన ఎత్తు, చెట్టన్నది లేని కొండలు. సొరంగం కూలకుండా దూలాలు కావాలి, రాయి దంచే మిల్లులో బాయిలర్ మండాలి, ఇంట్లో పొయ్యి వెలగాలి. అన్నిటికీ కట్టే. అందుకే 1881లో మోనో సరస్సు దక్షిణాన ఉన్న అడవి దాకా రైలు వేశారు. బయటి ఏ లైనుతోనూ కలవని రైలు, కలప మొయ్యడానికే.

ఆ పట్టాల పనికి చైనా కూలీలను పెట్టారని గని కార్మికులు వాళ్లను తరిమేయడానికి బయల్దేరారు. వీళ్లు చేరేలోగా రైలు కంపెనీ ఆ కూలీలను సరస్సు మధ్యలోని పావోహా దీవికి దాటించేసింది. నీ వ్యాసంలో చైనావాళ్లు నల్లమందు పీలుస్తూ తప్ప కనిపించరు. ఈ దీవి గురించి నాలుగు పేజీలు రాయి, ఆపకుండా చదువుతాను.

1890ల మొదట్లో స్టాండర్డ్ అనే గనుల కంపెనీ కట్టెల ఖర్చు తప్పించుకోవడానికి 13 మైళ్ల అవతలి గ్రీన్ క్రీక్ నుంచి మిల్లుకు కరెంటు తెచ్చింది. వంపు దగ్గర కరెంటు జారిపోతుందని తీగను తిన్నగా లాగారట! ఇలాంటివి 'చెప్పుకుంటారు' అని రాయి, జరిగినట్టు రాయకు.

ఇంకోటి. ఊరు రాత్రికి రాత్రే ఖాళీ అయిందన్నావు. కాలేదమ్మా. ఖనిజం తగ్గేకొద్దీ జనం వేరే గనులు వెతుక్కున్నారు. 1917లో రైలు ఆగింది, 1932లో ఊరు చాలావరకు తగలబడింది, 1942లో యుద్ధం పేరుతో ప్రభుత్వం బంగారు గనులు మూయించింది. పోస్టాఫీసూ ఆ ఏడే పోయింది.

బూన్ దుకాణం ఫోటోలు పంపావు కదా, అరల్లో సామాన్లు కనిపిస్తున్నాయి. జూమ్ చేసి డబ్బాల మీద ఏముందో చదివి రాయి. దసరాలోపు పంపితే సెలవుల్లో చూస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు