కర్నూలులోనా, ఓర్వకల్లు దారిలోనా?

చిరంజీవి పాపకు,
పెద్దనాయన ఆశీస్సులు.

నీకు ఓర్వకల్లు ఫ్యాక్టరీలో, అల్లుడికి కర్నూలు బ్యాంకులో ఒకేసారి పని కుదరడం ఇంటిల్లిపాదికీ సంతోషం. ఊళ్లో ఇల్లు తీసుకోవాలా, నంద్యాల రోడ్డు మీద ఊరు దాటాక లేచిన కొత్త కాలనీల్లో తీసుకోవాలా అని అడిగావు. బయట బాడుగ తక్కువ, ఇల్లు విశాలం, నీ పని దగ్గర అని రాశావు. మూడూ నిజమే. అయినా వాటికంటే ముందు రెండు చూడాలమ్మా: మే నెలలో ఆ ఇంటికి నీళ్లు ఎలా వస్తాయి, రాత్రి పది గంటలకు షిఫ్టు దిగి నువ్వు ఆ ఇంటికి ఎలా చేరతావు.

నా అభిప్రాయం ముందే చెప్తా. మొదటి ఏడాది నంద్యాల చెక్‌పోస్టు పరిసరాల్లో, కార్పొరేషన్ కొళాయి ఉన్న వీధిలో బాడుగకు దిగండి. అది ఊరే, కానీ నీ దారికి దగ్గరున్న కొస. ఆ తర్వాత నెమ్మదిగా ఆలోచించుకోవచ్చు.

నీళ్ల సంగతి కాస్త వివరంగా రాస్తాను. కర్నూలుకు తాగునీరు ముఖ్యంగా సుంకేసుల బ్యారేజీ నుంచి, అంటే తుంగభద్ర నుంచి వస్తుంది. ఊరి పక్కనే నది ఉంటే నీళ్లకేం కొదవ అని కొత్తవాళ్లు అనుకుంటారు. ఎండలు ముదిరేసరికి ఆ నది సన్నబడుతుంది, కొళాయి వదిలే వేళలు కూడా తగ్గుతాయి. కాబట్టి ఊళ్లో అయినా సంపు లేని ఇంటికి పోవద్దు. ఉంటే సరిపోదు, అది ఎంత పడుతుందో కొలిచి చూడాలి. పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో కొలిచి గుణించి, వచ్చినదాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. లోతులోంచి ఒక అడుగు తీసెయ్యి, ఎందుకంటే అడుగున మోటరుకు అందని నీళ్లుంటాయి, పైన నిండని తావు ఉంటుంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల లోతున్న సంపు చేతికిచ్చేది సుమారు 2,700 లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన మీరిద్దరు, పిల్ల, మీ అత్తగారు, నలుగురికి 540 కావాలి. అంటే ఐదు రోజులకు వస్తుంది. అదే సంపు మీద పై పోర్షన్ వాళ్లు కూడా ఉంటే రెండున్నర రోజులే. మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు చూపించి నీళ్లకు ఢోకా లేదంటారు. అది మీకు రెండు రోజులకు కూడా రాదు.

ఊరి బయట చాలా కాలనీలకు బోరే ఆధారం. ఓర్వకల్లు దిక్కంతా రాతినేల. పక్కపక్క బోర్లలోనే ఒకదాంట్లో నీళ్లు పడి ఇంకోదాంట్లో పడకపోవడం అక్కడ మామూలే. ఇల్లుగల ఆయన్ను ‘నీళ్లున్నాయా’ అని అడిగితే ‘ఉన్నాయి’ అనే అంటాడు. బోరు ఎన్ని అడుగులు, ఏ సంవత్సరం వేశారు, ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డాయి, పోయిన మే నెలలో మోటరు ఆగకుండా ఎంతసేపు ఆడింది అని అడుగు. చివరి ప్రశ్న ముఖ్యం. ఎండాకాలంలో పది నిమిషాలు నీళ్లు పోసి ఆగి, మళ్లీ ఊరేదాకా గంటలు ఆపాల్సి వచ్చే బోరు అయితే ట్యాంకరు తప్పదు. ఐదు వేల లీటర్ల ట్యాంకరు మీకు తొమ్మిది రోజులు. నెలకు మూడు దాటుతాయి. ఆ ఖర్చు ఎవరిదో అగ్రిమెంటులో రాయించుకో. ట్యాంకరు సందులో తిరుగుతుందా, పైపు సంపుదాకా అందుతుందా, ఒక్క ట్యాంకరు నీళ్లు ఆ సంపులో పడతాయా అనేవి కూడా చూడు. మూడు వేల లీటర్ల సంపుకు ఐదు వేల ట్యాంకరు పిలిస్తే మిగతా రెండు వేలకూ డబ్బులు ఇచ్చినట్టే.

నీళ్ల రుచి కాదు, గుణం చూడాలి. కొళాయి మూతి దగ్గర, బాత్రూం బండల మీద తెల్లగా పేరుకుని ఉంటే ఉప్పునీళ్లు. గీజరు కాయిల్ తొందరగా పోతుంది, బట్టలు మాసిపోతాయి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెడితే తాగేందుకు 500 లోపు ఉండటం మేలు. కానీ ఆ మీటరు ఫ్లోరైడ్‌ను చూపించదు, మన జిల్లా బోరునీళ్లకు ఆ బెడద ఉంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, ఒకటిన్నర దాటితే తాగనే కూడదు. మీ చిన్నపిల్ల పళ్లు గట్టిపడే వయసులో ఉంది, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబులో సీసా నీళ్లు ఇచ్చి పరీక్ష చేయించుకున్నాకే బోరు ఇంటికి అడ్వాన్సు ఇవ్వు.

ఇక రాకపోకలు. కర్నూలు నుంచి ఓర్వకల్లు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, నేషనల్ హైవే. మొదట కంపెనీ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో, మూడు షిఫ్టులకూ నడుస్తుందో లేదో ఫ్యాక్టరీలో అడుగు. జనరల్ షిఫ్టుకు మాత్రమే బస్సు ఇచ్చే చోట్లు చాలా ఉంటాయి. బస్సు ఆగే తావు నుంచి ఇంటికి నడిచి పది నిమిషాలు దాటకూడదు, దారంతా వీధిదీపాలు ఉండాలి. ఈ ఒక్క షరతుతోనే నువ్వు పంపిన ఐదు ఇళ్లలో మూడు పోతాయి.

ఆర్టీసీ బస్సులో అయితే 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్టు ఉచితం, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. పగటి షిఫ్టుకు ఇది బాగా పనికొస్తుంది. రాత్రికి దీన్ని నమ్ముకోవద్దు. స్కూటరు అయితే రానూ పోనూ 45 కిలోమీటర్లకు లీటరు పెట్రోలు, లీటరు 110 లెక్కన 26 రోజులకు 2,860 రూపాయలు. కారు లీటరుకు 15 ఇస్తే అదే దూరానికి 8,580. ఇది కాక దారిలో నన్నూరు దగ్గర టోల్‌గేటు ఉంది, ద్విచక్ర వాహనాలకు లేదు, కారుకు ఉంది. వార్షిక ఫాస్టాగ్ పాస్ చవక అని ఎవరైనా చెప్తారు. దాంట్లో వచ్చేది 200 సార్లు. రోజుకు రెండుసార్లు దాటే నీకు వంద పనిరోజులకే, అంటే నాలుగు నెలలకే అయిపోతుంది. టోల్‌గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లకు విడిగా స్థానికుల నెల పాస్ ఉంటుంది, ఇంటి చిరునామా రుజువు చూపిస్తే ఇస్తారు. రోజూ తిరిగేవాళ్లకు అదే కలిసొస్తుంది. రాత్రి షిఫ్టుకు మాత్రం స్కూటరు వద్దమ్మా. హైవే మీద లైట్లు లేని ట్రాక్టర్లు, డివైడరు సందుల్లోంచి ఎదురు వచ్చే బండ్లు ఉంటాయి. నిద్రమత్తులో తెల్లవారుజామున అవి కనపడవు.

దూరాన్ని నీ ఒక్కదాని కోసమే లెక్కపెట్టావు. నన్నూరు పక్కన ఇల్లు తీసుకుంటే నీకు ఒక వైపు ఓ పది కిలోమీటర్లు తగ్గుతాయి అనుకో. అల్లుడికి బ్యాంకు, పిల్లకు బడి, మీ అత్తగారికి ఆస్పత్రి అన్నీ ఊళ్లోనే కాబట్టి ఆ ముగ్గురికీ అదే పది పెరుగుతాయి. ఒకటో తరగతి పిల్ల బడి బస్సు కోసం ఏడు గంటలకే రోడ్డు మీద నిలబడాలి. పగలంతా ఇంట్లో ఉండేది మీ అత్తగారు. ఎదురింట్లో మనిషి పలకరించాలి, కూరగాయలకు సి.క్యాంపు రైతుబజారుకు ఆటో దొరకాలి, బీపీ మాత్ర అయిపోతే వీధి చివర మందులషాపు ఉండాలి. సగం ప్లాట్లు ఖాళీగా, ముళ్లకంపతో నిండి ఉన్న వెంచరులో ఆమెకు పొద్దు పోదు, రాత్రి పాముల భయం కూడా. ఇంకా, నల్లరేగడి నేల మీద వేసిన మట్టిరోడ్డు ఒక్క వానకే బురద అవుతుంది. ఆటోవాడు మలుపు దగ్గరే దింపేస్తాడు.

ఊళ్లో చూసేటప్పుడు హంద్రీ నది ఒడ్డు, పాత నగరం పల్లపు వీధులు అయితే ‘2009 అక్టోబరు వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయి’ అని ఆ వీధి పాత మనుషులను అడుగు. గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. బాడుగ ఎంత తక్కువైనా అక్కడ కింది పోర్షన్ వద్దు.

ఇంటి లోపల వేడి చూడు. మన ఎండకు పై అంతస్తు, అందులోనూ పడమటి గోడకు పడకగది ఉంటే, రాత్రి పన్నెండైనా గోడ కాలుతూనే ఉంటుంది. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకోవాల్సిన నీకు అలాంటి గది పనికిరాదు. రెండంతస్తుల ఇంట్లో కింది పోర్షన్, తూర్పు లేదా ఉత్తరం గది, బేతంచెర్ల బండల నేల అయితే మేలు. మనది పొడి వేడి కాబట్టి కూలరు బాగా పనిచేస్తుంది, కానీ అది కూడా నీళ్లు తాగుతుంది. బోరు ఇంట్లో ఇది గుర్తుంచుకో.

కరెంటు మీటరు మీ పోర్షన్‌కు విడిగా ఉండాలి. సబ్‌మీటరు పెట్టి పంచుకుందాం అంటే ఒప్పుకోవద్దు. ఇప్పటి స్లాబుల్లో 200 యూనిట్లకు, ఇతర చార్జీలు కాక, 867 రూపాయలు. ఇద్దరివి విడిగా 1,734 అవుతుంది. ఒకే మీటరు మీద 400 యూనిట్లు పడితే 225 దాటినవన్నీ యూనిట్ 8.75 స్లాబులోకి పోయి 2,548 వస్తుంది. ఎనిమిది వందలు ఊరికే పోతాయి. ఊరి బయట అయితే సాయంకాలం ఏడు తర్వాత వెళ్లి ఫ్యాను, లైట్లు, మోటరు ఒకేసారి వేయించు. ఫ్యాను నెమ్మదిస్తే ట్రాన్స్‌ఫార్మరు మీద భారం ఎక్కువ ఉన్నట్టు. అలాంటి చోట స్టెబిలైజరు లేకుండా ఏసీ బతకదు.

అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకే రాస్తారు. ఖాళీ చేసేందుకు ఎన్నాళ్ల ముందు చెప్పాలి, సున్నం ఖర్చు పేరిట అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారు, 11 నెలల తర్వాత బాడుగ ఎంత పెంచుతారు అనే మూడూ కాగితం మీద ఉండాలి. పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి బాడుగ భత్యం) చూపించుకోవాలంటే, బాడుగ ఏడాదికి లక్ష దాటితే ఇంటివాళ్ల పాన్ నంబరు కావాలి. అడ్వాన్సు ఇవ్వకముందే అడుగు, తర్వాత చాలామంది ఇవ్వరు.

ప్లాటు కొనమని వెంటపడేవాళ్లు వారంలోపే వస్తారు. ఈ ఏడాది వద్దు. కుడా (కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి, ఎల్‌పీ (లేఅవుట్) నంబరు, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే పత్రం), 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయని భూములది), ఇవన్నీ చూడకుండా సెంటు కూడా కొనకూడదు. ఆ సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తా.

ఓర్వకల్లులోనే ఉండటం పెళ్లికాని కుర్రాళ్లకు బాగానే ఉంటుంది. మీకు పనికిరాదు.

ఇళ్లు చూసేందుకు ఆదివారం రావద్దు, మామూలు రోజు రండి. పొద్దున కొళాయి వదిలే వేళకు ఆ వీధిలో ఉండాలి, బిందెల దగ్గర ఆడవాళ్లు చెప్పినంత నిజం బ్రోకరు చెప్పడు. మధ్యాహ్నం రెండు గంటలకు పడమటి గదిలో కాసేపు కూర్చోండి. రాత్రి పదింటికి ఫ్యాక్టరీ గేటు నుంచి ఇంటి గడప దాకా ఒకసారి వచ్చి చూడండి, అల్లుడిని కూడా వెంట పెట్టుకో. కొలత టేపు, టీడీఎస్ మీటరు నా దగ్గరున్నాయి, తెస్తాను. ఏ రోజు వస్తారో రెండు రోజుల ముందు ఫోన్ చెయ్యి, అన్నం ఇక్కడే తిందురు.

మీ పెద్దనాయన