నాలుగు ఆదాయాల కోసం నాలుగు పనులు నేర్చుకోనక్కర్లేదు

"చిన్న వ్యాపారమో, యూట్యూబ్ ఛానలో నడిపేవాళ్లు ఒక్క ఆదాయం మీదే ఆధారపడకుండా మూడు నాలుగు మార్గాలు ఎలా ఏర్పాటు చేసుకుంటారు? అన్నీ ఒక్కరే ఎలా చూసుకుంటారు?" అని అడిగారు. దీనికి పది మార్గాల లిస్టు ఇచ్చేవాళ్లు చాలామంది దొరుకుతారు. నేను నా షాపు సంగతి చెప్తాను. తెనాలిలో జాకెట్లు కుట్టి, మగ్గం వర్క్ (చట్రానికి బట్ట బిగించి సూదితో చేసే పూసల పని) చేయించి ఇచ్చే షాపు నాది. బ్లౌజ్ కటింగ్ నేర్పే ఛానల్ ఉంది. ఆన్‌లైన్ క్లాసులు చెప్తాను. గుడ్డ మీద పెట్టి కత్తిరించుకోవడానికి అచ్చుల్లా కట్ చేసిన పేపర్ సెట్లు పోస్టులో పంపిస్తాను. నాలుగూ ఒకే కత్తెర నుంచి పుట్టినవి.

ముందు నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రెండో ఆదాయం వెతికేముందు, ఇప్పుడున్న ఆదాయం ఏ నెలల్లో ఎండిపోతుందో, ఎందుకు ఎండిపోతుందో చూసుకోవాలి. రెండోది ఆ నెలల్లో పండేదై ఉండాలి. రెండూ ఒకేసారి పండి, ఒకేసారి ఎండితే ఒకే చెరువు కింద రెండు పొలాలు కొన్నట్టే. చాకిరీ రెట్టింపు, ధీమా మాత్రం అంతే.

మా పని పంచాంగం చూసుకుని నడిచే పని. మాఘం, ఫాల్గుణం, వైశాఖం వచ్చాయంటే తిండి తినడానికి తీరిక ఉండదు. ఆషాఢం వస్తే షాపులో ఫ్యాన్ తిరగడం తప్ప ఏమీ జరగదు. మూఢం వచ్చినా అంతే. సాధారణంగా ఆషాఢం ఒక నెల ఓపిక పడితే శ్రావణంలో పెళ్లిళ్లు, వరలక్ష్మీ వ్రతాలు వచ్చి కోలుకుంటాం. 2023లో అలా జరగలేదు. జూన్ 19న ఆషాఢం మొదలైంది. అది అయ్యేసరికి జులై 18 నుంచి అధిక శ్రావణం. నిజ శ్రావణం వచ్చింది ఆగస్టు 17న. అంటే రెండు నెలలు ముహూర్తాల్లేవు. వ్రతం కూడా నిజ శ్రావణానికే పోయింది కాబట్టి ఆ జాకెట్లూ ఆలస్యంగానే వచ్చాయి. షాపు అద్దె, కరెంటు బిల్లు, కారిగర్ల (మగ్గం పనివాళ్ల) జీతాలు మాత్రం నెలనెలా కట్టాల్సే వచ్చింది.

కారిగర్ల సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. మా దగ్గర మగ్గం మీద కూర్చునే ఇద్దరూ బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. పని లేదని ఇంటికి పంపితే, సీజన్ మొదలయ్యేసరికి వాళ్లను ఇంకో ఊళ్లో ఇంకో షాపు అడ్వాన్సు ఇచ్చి కూర్చోబెట్టుకుంటుంది. అందుకని ఖాళీగా ఉన్నా జీతం ఇచ్చి నిలబెట్టుకోవాలి. ఆ రెండు నెలలూ నాకు నిద్ర పట్టని టెన్షన్ అదే.

అప్పుడు నిజామాబాద్ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. నా వీడియోలు చూసి ఇంట్లో కుట్టుకుంటుందట. "మేడమ్, మీరు గీసినట్టే గీస్తున్నా గానీ నాకు చంక దగ్గర ముడతలొస్తున్నయ్. మీరు గీసిన ఆ కాగితమే కట్ చేసి పోస్టుల పంపరాదుండ్రి, పైసలిస్త" అంది. ఫోన్ పెట్టేశాక నేను లేచి కొలతల పుస్తకాలు దించాను. దర్జీ షాపులో అన్నిటికంటే విలువైనది మెషీన్ అనుకుంటారు గానీ కొలతల పుస్తకమే. పేరు, ఫోన్ నంబరు, ఛాతీ, నడుము, భుజం, చంక చుట్టు, చేతి పొడవు, ముందు మెడ, వెనక మెడ. ఏళ్ల తరబడి రాసుకున్నవి ఉన్నాయి. మా షాపులో హుక్స్, కాజాలు చేసే అమ్మాయి నేలమీద కూర్చుని చదువుతుంటే నేను సైజుల వారీగా వేరే నోట్సులోకి ఎక్కించాను. కాసేపటికి ఆ పిల్లే పట్టేసింది. "అక్కా, 36 ఛాతీ వాళ్లందరికీ భుజం ఒకటే లేదు చూడు" అంది.

నిజమే. 36 ఛాతీ వాళ్లలోనే భుజం సన్నగా ఉండి చేతి మొదలు లావుగా ఉన్నవాళ్లు ఒక గుంపు, భుజం వెడల్పుగా ఉన్నవాళ్లు ఇంకో గుంపు. నాకు కనబడిన రెడీమేడ్ పేపర్ కటింగుల్లో సైజుకు ఒకటే కాగితం ఉంటుంది. అందుకే ముడతలు. ఆ మధ్యాహ్నం నుంచి బ్రౌన్ పేపర్ పరిచి గీయడం మొదలుపెట్టాం. ఒక్కో సైజుకు రెండు భుజాలు, రెండు చంకలు. ముందు భాగం, వెనక భాగం, షేప్ పట్టీ, చేయి. కుట్టు ఎక్కడ వస్తుందో ఎర్ర పెన్నుతో, కట్ ఎక్కడ చేయాలో నల్ల పెన్నుతో. గీసింది సరిగా వచ్చిందో లేదో చూడటానికి పాత లైనింగ్ గుడ్డ మీద కట్ చేసి, కుట్టి, పక్క షాపుల్లో పనిచేసే ఆడవాళ్లను పిలిచి తొడిగించి చూశాం. చంక దగ్గర వేలు పెట్టి లాగితే ఎక్కడ పట్టేస్తోందో అక్కడే సుద్దతో గీత గీసి, కాగితం మళ్లీ దిద్దడం. మగ్గం మీద పని లేని కారిగర్లు ట్రేసింగ్ వీల్‌తో కాపీలు తీశారు. వాళ్ల చేతులు మా చేతులకంటే స్థిరంగా ఉంటాయి. ఒక్క గీత పక్కకు పోలేదు.

మొదటి సెట్టు నిజామాబాద్ వెళ్లింది. ఆవిడ కుట్టి ఫోటో పంపింది. ఆ ఫోటో ఆవిడ అనుమతితో ఛానల్లో పెట్టాక ఫోన్లు ఆగలేదు. ఎక్కువగా అడిగినవాళ్లు ఇళ్లల్లో కుట్టుకునే ఆడవాళ్లు. వాళ్లకు ఆషాఢం అడ్డు కాదు, అప్పుడే కాస్త తీరిక. నాకు కావలసింది సరిగ్గా అదే. క్లాసులూ అక్కడి నుంచే వచ్చాయి. సెట్టు కొన్నవాళ్లే "కొలత మారితే కాగితం ఎలా దిద్దాలో చెప్పండి" అని అడిగారు. ఫీజు తీసుకుని చెప్పడం మొదలుపెట్టాను. జూమ్‌లో ఉచితంగా అయితే 40 నిమిషాలకే కట్ అయిపోతుంది. మొదట్లో ఆ 40 నిమిషాల్లో ఒక్క చంక పాఠం సరిగ్గా సరిపోయేది, అది మంచికే వచ్చింది.

ఇప్పుడు యూట్యూబ్ మాట. ఛానల్ పెట్టగానే డబ్బులు కురుస్తాయని చెప్పేవాళ్ల మాట వినకండి. యాడ్స్ ఆదాయం మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి, లేదా షార్ట్స్‌కి 90 రోజుల్లో కోటి వ్యూస్ రావాలి. వచ్చిన యాడ్ డబ్బులో పెద్ద వీడియోలకు మనకు 55 శాతం. ఒక నెల డబ్బు తర్వాతి నెల 21, 26 తేదీల మధ్య పడుతుంది, అదీ ఖాతాలో 100 డాలర్లు చేరితేనే. మనం జీతాలు ఒకటో తారీఖున ఇవ్వాలి. కాబట్టి ఆ డబ్బుతో ఇల్లు నడపాలని ప్లాన్ వేయకండి. అమెరికాలో ఉన్న మనవాళ్లు చూస్తే రేటు బాగుంటుంది గానీ గూగుల్‌కు ఇవ్వాల్సిన పన్ను వివరాల ఫారం నింపడం మరిచిపోతే మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా కోసేస్తారు. నింపితే అమెరికా వ్యూస్ మీద వచ్చిన దాని మీదే 15 శాతం. నా లెక్కలో ఛానల్ అనేది షాపుకు పెట్టుకున్న బోర్డు. బోర్డు చూసి లోపలికి వచ్చినవాళ్లే నిజమైన ఆదాయం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను మన ప్రభుత్వం నిషేధించింది. నాకు తెలిసిన ఒక అమ్మాయికి టిక్‌టాక్‌లో లక్షల్లో ఫాలోవర్లు. పట్టుచీరల షాపులు పిలిచి మరీ వీడియోలు చేయించుకునేవి. ఒక్క రాత్రిలో అంతా పోయింది. ఆ ఫాలోవర్లలో ఒక్కరి ఫోన్ నంబరు కూడా ఆ అమ్మాయి దగ్గర లేదు. మన కస్టమర్లు మన పుస్తకంలో ఉండాలి, వేరేవాళ్ల యాప్‌లో కాదు. ఎన్ని యాప్‌లలో పేజీలు పెట్టినా నేను మాత్రం నంబరు, కొలత రాసుకోకుండా ఎవరినీ వదలను.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: రెండో ఆదాయం మొదటిదాన్ని కూడా పన్నులోకి లాగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వస్తువులు మాత్రమే అమ్మితే ఏడాదికి 40 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే. సేవలకు రెండు చోట్లా 20 లక్షలు. కానీ వస్తువును వేరే రాష్ట్రానికి అమ్మితే, మామూలుగా ఈ పరిమితులేవీ వర్తించవు. తెనాలి నుంచి నిజామాబాద్‌కు కాగితాల కట్ట పంపినా, 2014 తర్వాత అది వేరే రాష్ట్రానికి అమ్మినట్టే. ఒకసారి జీఎస్టీ నంబరు తీసుకున్నాక అదే పేరు మీద ఉన్న కుట్టుపని, క్లాసులు అన్నీ లెక్కలోకి వస్తాయి. నేను ముందే మా ఆడిటర్‌ని అడిగి, ఆ ఖర్చంతా సెట్టు ధరలో కలిపాకే వేరే రాష్ట్రం ఆర్డర్లు వరసగా తీసుకోవడం మొదలుపెట్టాను. మీరూ ధర పెట్టకముందే అడగండి. అన్నట్టు, చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. దానికి వేలకు వేలు అడిగేవాళ్లు ఊరికొకరు తయారయ్యారు, ఇవ్వకండి.

ఇక "కొలాబరేషన్". ఒక కుట్టుమెషీన్ల కంపెనీ వాళ్లు మెషీన్ ఇస్తాం, మూడు వీడియోలు చేయండి, డబ్బులుండవు అన్నారు. మెషీన్‌తో కారిగర్‌కి జీతం ఇవ్వగలనా? పైగా 2022 జులై నుంచి ఉన్న నిబంధన ప్రకారం, అలా ఉంచుకున్న వస్తువుల విలువ ఏడాదిలో 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) లెక్క ఉంటుంది. అంటే చేతికి రూపాయి రాకుండా ఆ విలువంతా నా ఆదాయం కింద చూపించాలి. వద్దన్నాను. కొత్తగా ఛానల్ పెట్టిన పిల్లలు ఇలాంటివి చూసి సంబరపడుతున్నారు. వాళ్ల సమయానికి ధర ఉందని వాళ్లకు చెప్పేవాళ్లు లేకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

అన్నీ ఒక్కరే ఎలా చూసుకుంటారని అడిగారు కదా. అన్నీ ఒకే రోజు చూడను. పెళ్లిళ్ల సీజన్లో క్లాసులు పెట్టను, ఫీజు చేతిలో పెడతామన్నా పెట్టను. వీడియోలు ఆషాఢంలోనే గుట్టగా తీసి దాచుకుంటాను. షాపుకు, పోస్టు ఆర్డర్లకు, క్లాసులకు వేర్వేరు బ్యాంకు ఖాతాలు, వేర్వేరు క్యూఆర్ కోడ్‌లు. దేనిలో లాభం, దేనిలో ఊరికే తిరుగుడు అన్నది నెలాఖరుకు ఖాతా తెరిస్తే కనబడుతుంది. మా అత్తయ్య, ఆడపడుచు కలిసి చీరలు కూడా తెచ్చి అమ్మమని ఏళ్లుగా పోరు పెడుతున్నారు. విజయవాడ వస్త్రలత (హోల్‌సేల్ బట్టల మార్కెట్) దగ్గరే కదా, రైలెక్కితే వెళ్లి రావచ్చు కదా అంటారు. నేను పెట్టలేదు. చీరలూ పెళ్లిళ్ల నెలల్లోనే పోతాయి, మిగతా నెలల్లో నా డబ్బు బీరువాలో మడతలు పడి ఉంటుంది.

అసలు ఈ ప్రశ్న చూడగానే నేను రాయాలనుకున్నది ఇది. వేరే ఆదాయం వల్ల నాకు జరిగిన పెద్ద మేలు డబ్బు కాదు, కుట్టుకూలి పెంచే ధైర్యం. 20,000 పెట్టి పట్టుచీర కొన్నవాళ్లు లైనింగ్ జాకెట్టు కుట్టడానికి 500 అంటే "అంతా?" అని ముఖం మీదే అడుగుతారు. చీరల షాపులో ఆ మాట అనరు, ఏసీలో కూర్చుని చెప్పిన ధర ఇచ్చి వస్తారు. మగ్గం మీద ఇద్దరు మనుషులు రోజుల తరబడి నడుము వంచి, ఆరీ సూదితో ఒక్కో పూస ఎక్కిస్తే, "ఆన్‌లైన్లో దీనికి సగమే చూపిస్తున్నారు" అని ఫోన్ చూపిస్తారు. ఒకప్పుడు ఆషాఢం భయంతో అన్నిటికీ తల ఊపేదాన్ని. ఈ గిరాకీ పోతే వచ్చే నెల అద్దె ఎలా అన్నదే లెక్క. నాలాంటి ఊళ్లలో వేలమంది ఆడవాళ్లు ఇప్పటికీ అదే భయంతో సగం కూలికి కుడుతున్నారు. కళ్లు పోయేదాకా కుట్టి, రేటు పెంచమని అడగలేక, చివరికి మెషీన్ అమ్మేసినవాళ్లు నాకు తెలుసు.

పేపర్ సెట్లు నిలదొక్కుకున్న ఏడాదే నేను కౌంటర్ పైన రేట్ల బోర్డు పెట్టాను. సగం అడ్వాన్సు ఇస్తేనే బట్ట మగ్గం ఎక్కుతుంది. పెళ్లికి వారం ముందు తెచ్చి "అర్జెంటు" అంటే అదనం. కొందరు పాత గిరాకీలు అలిగి వెళ్లారు, కొందరు తిరిగొచ్చారు. కారిగర్లకు, హుక్స్ అమ్మాయికి ఆ ఏడాదే కూలి పెంచాను. రెండో ఆదాయం ఈ పని చేయకపోతే ఎన్ని మార్గాలున్నా దండగే అని నా గట్టి నమ్మకం.

మీ వ్యాపారం ఏమిటో ప్రశ్నలో రాయలేదు. ఏం చేస్తారో, ఏ నెలల్లో గల్లాపెట్టె ఖాళీగా ఉంటుందో కింద రాయండి. పోయిన ఏడాది నెలనెలా ఎంత వచ్చిందో ఒక కాగితం మీద వేసుకుని మరీ రాయండి, అప్పుడు మీ పనికి ఏది కుదురుతుందో నాకు తోచింది చెప్తాను.