క్రాస్‌రోడ్స్ పక్కన పెరిగితే సినిమా అంతా బయటే

చిన్నప్పటి సినిమా హాలు, దాని చుట్టూ ఉన్న వీధులు ఎట్లుండేవో చెప్పమన్నారు. మాది ఒక్క హాలు కాదు, హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. సుదర్శన్ 35, సుదర్శన్ 70, దేవి, సంధ్య, సప్తగిరి, ఓడియన్... అన్నిటికీ నడిచే పోవచ్చు. చిక్కడపల్లి వైపు ఒక సందులో మా ఇల్లు. ఇంత దగ్గరుండి అన్ని సినిమాలూ చూసేసుంటారు కదా అంటారు అందరూ. ఎక్కడ! నాన్న జీతానికి పండక్కి ఒకటి. మిగతా రోజుల్లో మాకు దొరికేది హాలు బయట జరిగేదే.

అందులో పెద్ద పండగ కటౌట్. ఫ్లెక్సీలు రాకముందు మాట, 80లలో. హీరో ముక్కలుగా వచ్చేవాడు. ముందు కాళ్లు, తర్వాత నడుం, చివరికి తల. కర్రలు కట్టి, మేకులు కొట్టి కింది నుంచి పైకి లేపేవాళ్లు. బడికి పోయేటప్పుడు మెడ దాకానే ఉండేవాడు, తిరిగొచ్చేసరికి తల ఎక్కేసి ఉండేది. తల ఇంకా కిందనే పడుంటే దగ్గరికి పోయి చూసేవాణ్ణి. ఆ మొహంలో ఒంటి రంగన్నదే ఉండదు. బుగ్గ మీద గులాబీ, దవడ కింద ఆకుపచ్చ, ముక్కు పక్కన నీలం చార. కొలత కోసం గీసిన గళ్లు రంగు కింద నుంచి కనబడుతుండేవి. రోడ్డు దాటి అవతలి నుంచి చూస్తే మాత్రం అచ్చం ఆయనే!

మా బాపమ్మ జన్మలో హాలు మెట్లెక్కలేదు. కానీ బొమ్మ ఆడుతుందో లేదో మొదటి రోజే చెప్పేది. సెకండ్ షో వదిలితే జనం మా కిటికీ కింద నుంచే పోవాలి. డైలాగులు కొట్టుకుంటూ, ఈలలేసుకుంటూ పోయారంటే హిట్టే. రిక్షా బేరం తప్ప ఇంకో మాట వినబడకపోతే, "ఇది రెండు వారాలు గూడ ఉండది బిడ్డా" అని అటు తిరిగి పడుకునేది.

1986లో తెలుగులో మొదటి 70 ఎం.ఎం. సినిమా 'సింహాసనం' వచ్చినప్పుడు జనగామ నుంచి చుట్టాలు దిగారు. ఆ తెర, ఆ సౌండు ఊళ్లో ఎక్కడివి? తిండీ పడకా మా ఇంట్లో, బదులుగా పిల్లలకి వాళ్లతో పాటు టిక్కెట్టు. మేం ఎగిరి గంతేశాం. అమ్మకి మాత్రం పొయ్యి దగ్గర నుంచి లేచే పని లేదు.

ఇక వాసనల సంగతి. గాలి ఆజమాబాద్ వైపు నుంచి తిరిగితే వీఎస్టీ సిగరెట్ ఫ్యాక్టరీ పొగాకు ఘాటు, లేకపోతే మిర్చి బజ్జీల నూనె. బ్లాకు వాళ్లు పెదవి కదలకుండా "పాంచ్ కా దస్" అంటూ పక్క నుంచి జారుకునేవాళ్లు. పోలీసు కనబడితే వాళ్లే సినిమాకొచ్చిన పెద్దమనుషులు.

ఇప్పుడు సుదర్శన్ 70 లేదు, పాత ఓడియన్ లేదు. 2020లో రోడ్డు మీద మెట్రో వచ్చింది, 2023లో ఆ మెట్రో మీదుగా స్టీల్ బ్రిడ్జి వేశారు. దేవి, సంధ్య, సుదర్శన్ 35 ఉన్నాయి. మా అబ్బాయి మొదటి రోజు అక్కడికే పోతాడు. వాడికి బాపమ్మ లెక్క చెప్తే, "ఇప్పుడు బయటికొచ్చేవాళ్లంతా ఫోన్ చూసుకుంటూ పోతున్నారు నాన్నా, ఏం వినబడుతుంది" అన్నాడు.