ఉప్పు మళ్ల ఉప్పు ఎండను దాస్తుందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇస్కపల్లి. అద్దాలతో ఎండను ఒకచోటికి మళ్లించి, ఆ వేడిని కరిగిన ఉప్పులో దాచి, రాత్రిపూట కరెంటు తీసే కేంద్రాలున్నాయట. ఇంజనీరింగు చివరి ఏడాది చదువుతున్న మా అబ్బాయి మా ఊరికి అలాంటిదొకటి లెక్కగట్టాలనుకుంటున్నాడు. ఎండకూ ఉప్పుకూ కొదవలేని మా ఊరు దీనికి అనుకూలమేనా?

జవాబు: ముందు ఉప్పు సంగతి చెబుతాను. మీ మళ్లలో పండేది సోడియం క్లోరైడు. అది కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ కేంద్రాల్లో వాడేది 60 శాతం సోడియం నైట్రేటు, 40 శాతం పొటాషియం నైట్రేటు కలిపిన లవణం. మన రైతులు పైరుపై పిచికారీ చేసే 13-0-45 ఎరువు ఈ పొటాషియం నైట్రేటే. అద్దాలన్నీ ఎత్తైన టవరు కొనకు ఎండను మళ్లించే టవరు రకం కేంద్రంలో ఈ లవణం ఒక ట్యాంకులో 290 డిగ్రీల దగ్గర, మరొక ట్యాంకులో 565 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ తేడాకు టన్ను లవణం దాచే వేడి సుమారు 115 యూనిట్లు, అందులోంచి వచ్చే కరెంటు 45 యూనిట్లకు అటూ ఇటూ. స్పెయిన్‌లోని ఆండసోల్-1 కేంద్రంలో టవరు ఉండదు, అద్దాల వేడిని గొట్టాల్లో పారే నూనె మోస్తుంది, ఆ నూనెను మరీ వేడి చేయలేరు. అందువల్ల ఆ తేడా 100 డిగ్రీలకు మించదు కనుక, 50 మెగావాట్లను ఏడున్నర గంటలు నడపడానికి 28,500 టన్నుల లవణం పట్టింది.

అసలు చిక్కు ఎండతోనే ఉంది. రోహిణి కార్తెలో ఒళ్లు కాలినంత మాత్రాన అద్దాలకు పని దొరికినట్టు కాదు. వాటికి సూర్యబింబం నుంచి నేరుగా వచ్చే కిరణమే కావాలి. ఆకాశం తెల్లగా మసకబారిన మధ్యాహ్నం మీ అబ్బాయిని భూతద్దం పట్టి దూదిని కాల్చి చూడమనండి. ఒంటికి చెమటలు పడుతున్నా, దూది పొగ రావడానికి తడుముకుంటుంది, నేలమీద నీడ అంచు కూడా పలచబడి కనిపిస్తుంది. సముద్రపు తేమ, ఈశాన్య రుతుపవనాల మబ్బు ఉన్న మీ తీరంలో ఇది తరచూ జరిగేదే. అందుకే మీ ఊరికి మామూలు సౌరఫలకాలే నయమని నా అభిప్రాయం. అవి తేమలో, మబ్బులో చెదిరిన వెలుగుతోనూ పనిచేస్తాయి.

అయినా ప్రాజెక్టు మానవద్దు, తేమా మబ్బూ తక్కువుండే అనంతపురంతో పోల్చి చేయమనండి. రోజువారీ సగటు ఎండతో లెక్క వేస్తే మాత్రం తప్పుతుంది. ఏడాదిలోని 8,760 గంటలకూ విడివిడిగా, ముందు గంటలో ట్యాంకులో మిగిలిన వేడికి అద్దాలు ఇచ్చినది కలిపి, టర్బైను తీసుకున్నదీ గోడల గుండా పోయినదీ తీసివేస్తూ పోవాలి. ట్యాంకు నిండిన గంటల్లో అద్దాలను పక్కకు తిప్పక తప్పదు. ఆ నష్టం సగటు లెక్కలో కనిపించదు. మరొకటి, ఈ లవణం 238 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలై 220 డిగ్రీలకు రాయిలా బిగుస్తుంది. కార్తీకంలో నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు గొట్టాల్లోని లవణాన్ని ట్యాంకులోకి దించేయాలి, మళ్లీ నింపే ముందు గొట్టాలను హీటర్లతో వేడి చేయాలి. ఆ హీటర్లకయ్యే కరెంటును ఉత్పత్తిలోంచి తీసివేయడం మరవకూడదు.